దేవుని బిడ్డకు దోస్తులుండరా?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల గురించి మన దగ్గర రెండు మాటలు నడుస్తుంటాయి. ఒకటి, పోయిన జన్మల పాపం. రెండోది, "దేవుని బిడ్డ, ఏమనకుండ్రి." మొదటిది క్రూరమని చాలామంది ఒప్పుకుంటారు. నాకు రెండోదాని మీదే ఎక్కువ అనుమానం. పాపఫలంతో ఎవరూ స్నేహం చేయరు, సరే. దేవుడితో మాత్రం ఎవరు చేస్తారు? చేతిలో అరటిపండు పెట్టి, దండం పెట్టి పోతారు.

పాపం లెక్క ముందు తేల్చుకుందాం. 1866లో ఇంగ్లండు డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ లక్షణాలను వర్ణించాడు. 1959లో ఫ్రెంచి పరిశోధకులు కారణం బయటపెట్టారు: 21వ క్రోమోజోములు రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. చాలా మటుకు ఇది అండం తయారయ్యేటప్పుడే జరిగే తేడా. ఇరవై ఏళ్ల తల్లులకు సుమారు 1500 కాన్పుల్లో ఒకటి, నలభై ఏళ్ల తల్లులకు సుమారు వందలో ఒకటి. పూర్వజన్మ పాపం తల్లి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చూసుకుని శిక్ష వేస్తుందా? నూటికి తొంభైకి పైగా కేసుల్లో ఇది వంశంలో దిగే జబ్బు కూడా కాదు. మిగతా కొద్దిమంది సంగతి క్రోమోజోము పరీక్ష చెబుతుంది, జాతకం చెప్పదు. అయినా అక్కను చూడటానికి పెళ్లివారొస్తే తమ్ముణ్ణి వెనక గదిలోకి పంపే ఇళ్లున్నాయి.

"ఇట్లాంటోళ్లు ఎక్కువ రోజులుండరు" అనే మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. ఆపరేషన్లు వచ్చాక లెక్క మారింది. అమెరికాలో 1983లో పాతికేళ్లున్న సగటు ఆయుష్షు ఇప్పుడు అరవై దరిదాపుల్లో ఉంది. అమ్మానాన్నలు పోయాక కూడా ఆ బిడ్డ బతకాలి. ఎవరితో?

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఈ ప్రశ్న మరీ గుచ్చుకుంటుంది. సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలే. పొద్దున బస్సుల నిండా ఇరవై ఏళ్ల వాళ్లు పోతుంటే, డౌన్ సిండ్రోమ్ ఉన్న అదే ఈడు పిల్లవాడు అరుగు మీద కూర్చుని చూస్తుంటాడు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి కానీ అవి బడి ఈడు వాళ్లకు. ఆ తర్వాత వైకల్యం సర్టిఫికెట్, పింఛను. పింఛను ఇస్తారు, పక్కన కూర్చుని ముచ్చట పెట్టే మనిషినివ్వరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాజంలో కలిసి బతికే హక్కునిచ్చింది గానీ, దోస్తీ చట్టంతో వచ్చేది కాదు కదా. మార్చి 21న, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం నాడు, ఎక్కడైనా కేకు కోస్తారు, ఫొటో దిగుతారు. మార్చి 22న వచ్చేవాడు కావాలి.

ఆ దోస్తీ మొదలవడానికి క్యారమ్ బోర్డు లాంటిది చాలు. ఎవరి వంతు ఎప్పుడో తెలుస్తుంది, మాటలతో పెద్ద పని లేదు. కండరాలు వదులుగా ఉండటం వల్ల స్ట్రైకర్ మెల్లగా కదులుతుంది, కొంచెం ఆగాలి. మాట ముద్దగా వస్తుంది. "వానికేం తెలుస్తది" అనుకుంటాం గానీ, ఈ పిల్లల్లో సాధారణంగా మాట్లాడేదానికంటే అర్థమయ్యేదే ఎక్కువ. వినికిడి లోపం కూడా తరచుగా ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా తేటగా చెప్పాలి. స్ట్రైకర్ పాకెట్లో పడితే "ఫౌల్" అనాలి. అక్కడే ఏ పెద్దాయనో అడ్డొస్తాడు: "పోనియ్యుండ్రి, దేవుని బిడ్డ." ఆ ఒక్క మాటతో ఆట పోయి సేవ మొదలవుతుంది. ఓడిపోయే హక్కు లేనివాడితో ఎవరు రోజూ ఆడతారు? అలిగితే అలగనివ్వాలి. ఎప్పుడూ నవ్వుతుంటారన్నదీ మూఢనమ్మకమే. వాళ్లకూ ఒంటరితనం, డిప్రెషన్ వస్తాయి.

ఇంటివాళ్లు చేయాల్సిందీ ఉంది. కనిపించిన ప్రతివాణ్ణీ వాటేసుకుంటే చిన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, ఇరవై ఏళ్లకు గొడవవుతుంది. ఎవరికి చెయ్యి కలపాలో, ఎవరిని అలాయ్ బలాయ్ చేసుకోవాలో ముందునుంచే నేర్పాలి. వారానికి ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోటు పెట్టుకుంటే అలవాటు నిలుస్తుంది. తల్లి పక్కనే కూర్చుని ప్రతి ప్రశ్నకూ తానే జవాబిస్తే మాత్రం ఏ దోస్తూ నిలవడు.

ఎవరిని కలపాలన్నదీ చూసుకోవాలి. కాలేజీ కుర్రాళ్లు మంచివాళ్లే, కానీ నాలుగేళ్లకు సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లిపోతారు. సెల్‌ఫోన్ షాపువాడు, టైలరు, వీధిలోనే ఉండిపోయే మేనబావ పదేళ్ల తర్వాత కూడా ఇబ్రహీంపట్నంలోనే ఉంటారు. ముందు వాళ్లను అడగండి.