మార్కుల్లేని లెక్క

లెక్కల ఎమ్మెస్సీ చదువుతున్నానంటే చుట్టాలు వేసే ప్రశ్న ఒకటే: "తర్వాతేం చేస్తావురా?" దానికి జవాబు చెప్పడానికి కాదు నేనీ వ్యాసం రాస్తున్నది. నన్ను వేధించే ప్రశ్న వేరు. రెండేళ్ళు చదివి, పట్టా పుచ్చుకుని, మనంతట మనం ఒక్క ప్రశ్నయినా వేసుకోకుండా గేటు దాటి పోతున్నామే, దీన్ని చదువు అనవచ్చునా?

తప్పు సిలబస్‌ది అనను. అందులో అన్నీ వున్నాయి. ప్రస్తారాలు ఆల్జీబ్రా పేపర్లో, మాత్రికలు లీనియర్ ఆల్జీబ్రాలో, ఉపరితలాలు టోపాలజీలో. ఒకే యింట్లో వుంటూ మాటల్లేని తోడికోడళ్ళ మాదిరి మూడూ మూడు గదుల్లో వుంటాయి. ఆ మూడింటినీ ఒక వసారాలో కూర్చోబెట్టే విషయం ఒకటి చెబుతాను. కావలసిన సరంజామా గళ్ళ కాగితం, పెన్సిలు, రబ్బరు. అంతే.

ఒక గడి గీయండి. సెల్‌ఫోనులో పాము ఆట ఆడినవాళ్ళకు తెలుసు, గోడల్లేని ఆటలో కుడి అంచు దాటిన పాము ఎడమ అంచులోంచి వస్తుంది, పైనించి పోయింది కిందనించి వస్తుంది. అంటే ఎదురెదురు అంచులు అతికించినట్టే లెక్క. అలా అతికిస్తే వచ్చేది చిల్లు పెట్టిన గారె పైతలం. యిప్పుడు ఒక గడి బదులు మూడు గడులు తీసుకుని 'ఎల్' అక్షరంలా పేర్చండి. అంచులు అలాగే అతికించండి. "ఈ గడిలోంచి కుడికి పోతే ఏ గడి? పైకి పోతే ఏ గడి?" అని రాసుకుంటే రెండు ప్రస్తారాలు వస్తాయి. బొమ్మ మొత్తం ఆ రెంటిలోనే వుంది. మూలలన్నీ కలిసి ఒకే బిందువవుతాయి. దాని చుట్టూ ఒకసారి తిరిగిరావాలంటే 360 కాదు, 1080 డిగ్రీలు తిరగాలి! శీర్షం 1, అంచులు 6, గడులు 3. ఆయిలర్ సూత్రంలో వేస్తే 1 - 6 + 3 = -2. అంటే యిది రెండు చిల్లుల గారె.

మాత్రికలు ఎక్కడ వస్తాయంటారా? పేకముక్కల దొంతరను పక్కకు నెట్టినట్టు బొమ్మను ఒక గడి మేర ఏటవాలుగా నెట్టండి. కత్తిరించి మళ్ళీ అతికిస్తే తిరిగి చదరపు గడులే వస్తాయి. రెండో పని, బొమ్మను 90 డిగ్రీలు తిప్పడం. పూర్ణ సంఖ్యలతో, నిర్ధారకం 1గా వుండే 2×2 మాత్రికలన్నీ ఈ రెండు పనుల్లోంచే పుడతాయి. వీటిలో ఏవి బొమ్మను మళ్ళీ అదే బొమ్మగా నిలబెడతాయో అవే దాని సౌష్ఠవాలు. ఒంటి గడికి అన్నీ సౌష్ఠవాలే. 'ఎల్' సంగతి అలా కాదు. మూడు గడుల మీద ప్రస్తారాల జతలు 36. వాటిలో బొమ్మను విడిపోకుండా, 1080 డిగ్రీల బిందువుతో నిలిపేవి 18. గడుల పేర్లు మార్చితే తేడా లేనివాటిని ఒకటిగా లెక్కిస్తే మిగిలేవి 3: 'ఎల్', పడుకున్న పట్టీ, నిలబడ్డ పట్టీ. నెడితే 'ఎల్' నిలబడ్డ పట్టీ అవుతుంది, తిప్పితే అది పడుకుంటుంది. మూడూ ఒకే కుటుంబం. ఒక సాయంత్రంలో ఎవరికి వారు చేసుకోగలిగిన లెక్క యిది.

అయిదు గడులతో చేస్తే అసలు వింత కనిపిస్తుంది. 1080 డిగ్రీల బిందువు ఒక్కటే వున్న బొమ్మలు 27 వస్తాయి. అవి 18, 9గా రెండు కుటుంబాలుగా చీలిపోతాయి. ఎంత నెట్టినా, ఎంత తిప్పినా ఒకదానిది రెండోదానిలోకి రాదు. ఎందుకో పాస్కల్ హ్యూబర్ట్, శామ్యూల్ లెలీవ్ర్, కర్టిస్ మెక్‌మలెన్ నిరూపించి ప్రకటించినది 2005, 2006లలో. యూక్లిడ్ కాలంలో కాదు, మనం పుట్టి పెరుగుతున్న కాలంలో!

"యిదంతా ఆట గదా, ప్రయోజనం ఏమిటి?" అనే మిత్రులున్నారు. ఆటే. మన కామన్ రూములో క్యారమ్స్ ఆడుతున్నాం గదా. రాపిడీ రంధ్రాలూ లేవనుకుని స్ట్రైకరును ఒక చుక్కగా భావించండి. అది అంచుకు తగిలినప్పుడల్లా వెనక్కి తిప్పే బదులు, బోర్డునే అద్దంలో బొమ్మలా పక్కన పరిచి గీతను నేరుగా పోనిస్తే, నాలుగు బోర్డులతో గారె తయారవుతుంది. 'ఎల్' ఆకారపు బోర్డయితే పన్నెండు గడుల ఉపరితలం వస్తుంది. విలియం వీచ్ 1989లో ప్రకటించిన సిద్ధాంతం దీనికి వర్తిస్తుంది. వాలు అకరణీయ సంఖ్య అయితే స్ట్రైకరు మూలలో తగలకుంటే తప్పక మొదటి దారిలోకే వస్తుంది. కరణీయ సంఖ్య అయితే బోర్డంతా ఏ మూలకూ పక్షపాతం లేకుండా సమంగా తిరుగుతుంది. మధ్యేమార్గం లేదు. కదలిక గురించిన యీ తీర్పు వచ్చింది సౌష్ఠవాల్లోంచే.

1912లో ఎహ్రెన్‌ఫెస్ట్ దంపతులు వాయుకణాల కదలికకు ఒక నమూనా చెప్పారు. దాని గళ్ళరూపంలో మైదానమంతా వరసగా దీర్ఘచతురస్రపు అడ్డంకులుంటాయి. వాటి మధ్య ఎగిరే కణం ఎంత దూరం పోతుంది? యిలాటి ఉపరితలాల సిద్ధాంతంతోనే 2014లో జవాబు వచ్చింది: దాదాపు అన్ని దిశల్లోనూ, కాలానికి 2/3 ఘాతంగా. తాగినవాడి నడకకయితే అది 1/2 మాత్రమే. ఆ 2014లోనే, యీ రంగంలో పెద్ద పని చేసిన ఇరాన్ వనిత మర్యం మీర్జాఖానీ ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి మహిళ అయింది. నేల మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని బొమ్మలు గీస్తూ ఆలోచించేదామె. 2017లో, నలభై ఏళ్ళకే పోయింది.

దీనివల్ల ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. రాదేమో కూడా. "సిలబస్ పూర్తికే టైము చాలదు, పైగా నెట్టు, సెట్టు" అని లెక్చరర్లంటారు. అదీ నిజమే. కాని గైడులోంచి పది సిద్ధాంతాలు బట్టీపట్టిన వాడికి ప్రస్తారం అంటే అయిదు మార్కుల ప్రశ్న. ఆ 27 బొమ్మల్నీ చేత్తో గీసి రెండు కుప్పలుగా పోసినవాడికి అది తన సొంత ఆస్తి. ఎవడూ లాక్కోలేడు, పరీక్ష అయ్యాక మరిచిపోనూ లేడు. లెక్కలు ఎవరో పెద్దవాళ్ళు ఎక్కడో చేసి ముగించేసినవి కావని మనకు తెలిసే దారి యిదొక్కటే అని నా నమ్మకం.

అందుకని నా కోరిక చిన్నది. మన డిపార్టుమెంటులో వారానికి ఒక గంట వుంచండి. హాజరు పట్టీ వద్దు, మార్కులు వద్దు. గురువులు కూడా బల్లకు యివతల మాతో కూర్చోండి. జవాబు తెలియని ప్రశ్న ఒకటి బోర్డు మీద రాయండి. గళ్ళ కాగితాల ఖర్చు యూనియన్ పెట్టుకుంటుంది. ఆ మాత్రం డబ్బు యీ సావనీరు అట్టకంటే తక్కువే అవుతుంది.