ఈత రాకపోతే డిగ్రీ ఇవ్వని ఇంజనీరింగ్ కాలేజీ



గత నెల పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి చాలా మర్యాదగా అడిగారు: "మాస్టారూ, మావాడు ఎనిమిదో తరగతికి వచ్చాడు. ఫౌండేషన్ క్లాసులు మొదలయ్యాయి. శనివారం స్విమ్మింగ్ పీరియడ్ తీసేసి ఆ టైములో మ్యాథ్స్ చేయించుకోనిస్తారా? ఈత వస్తే ర్యాంకు రాదు కదండీ!" వాళ్లబ్బాయిని అమెరికాలో జార్జియా టెక్‌లో చేర్పించాలని ఆయన కోరిక. అన్నగారి అబ్బాయి అక్కడే ఎం.ఎస్. చేశాడట.

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన చెప్పిన ఆ కాలేజీయే ఒకప్పుడు కొన్ని దశాబ్దాలపాటు ఈత కోర్సు పాసవకపోతే ఇంజనీరింగ్ డిగ్రీ ఇచ్చేది కాదు.

కథ 1940లో మొదలైంది. ఫ్రెడ్ లనూ అనే ఈత కోచ్ జార్జియా టెక్ విద్యార్థుల కోసం 'డ్రౌన్‌ప్రూఫింగ్' అనే కోర్సు తయారు చేశారు. నీళ్లలో పడినా మునిగిపోకుండా ఉండే విద్య అన్నమాట. చేతులు వెనక్కి కట్టేసి, కాళ్లు కూడా కట్టేసి కొలనులోకి దింపేవారు. విద్యార్థి అలాగే తేలాలి, ముందుకు కదలాలి, అడుగున పడేసిన రింగును పళ్లతో పట్టుకుని పైకి తేవాలి. వినడానికి శిక్షలా ఉంటుంది. లనూ గారి లెక్క మాత్రం సూటిగా ఉంది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది శరీరం దానంతట అదే తేలుతుంది. మనిషి మునిగేది తల ఎప్పుడూ నీళ్లపైనే ఉండాలని పెనుగులాడి, అలసిపోవడం వల్ల. కాబట్టి ఒళ్లు వదులు చేసి, ముఖం నీళ్లలో పెట్టి, ఊపిరి అవసరమైనప్పుడే తల ఎత్తమన్నారు. 1980ల చివరిదాకా ఆ కాలేజీలో ఇది తప్పనిసరి కోర్సు. (చల్లటి నీళ్లలో తల ముంచి ఉంచితే ఒంట్లో వేడి త్వరగా పోతుందని ఇప్పుడు వెల్లకిలా తేలడమే ముందు నేర్పుతున్నారు. మనమూ అదే నేర్పుతున్నాం. చేతులు కట్టం, కంగారు పడకండి!) మరో పేరున్న చోటు, ఎం.ఐ.టి.లో ఈత పరీక్ష ఇప్పటికీ ఉంది. డిగ్రీ చేసే విద్యార్థులు 100 గజాలు ఈదాలి, లేదంటే ఈత క్లాసులో కూర్చోవాలి.

జార్జియా టెక్ కథ అక్కడితో ఆగలేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈత, డైవింగ్ పోటీలు ఈ క్యాంపస్‌లోనే జరిగాయి. అమెరికా అమ్మాయి ఏమీ వాన్ డైకెన్ 4 స్వర్ణాలు గెలిచిందీ, దక్షిణాఫ్రికా ఈతగత్తె పెన్నీ హేన్స్ బ్రెస్ట్‌స్ట్రోక్ రెండు పోటీల్లోనూ గెలిచిందీ ఈ నీళ్లలోనే. అప్పుడు పైకప్పు మాత్రమే ఉండేది, చుట్టూ గోడలు లేవు. ఆటలు అయిపోయాక యూనివర్సిటీ గోడలు కట్టి, దాన్ని విద్యార్థుల వ్యాయామ కేంద్రంలో కలిపేసింది. ఇప్పుడు అదే కొలనులో యూనివర్సిటీ జట్టు ప్రాక్టీసు చేస్తుంది. అమెరికా కాలేజీల జాతీయ చాంపియన్‌షిప్‌లు 2016లోనూ, 2022లోనూ అక్కడే జరిగాయి. రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల పోటీలకూ అదే వేదిక. వీటన్నిటి మధ్య మామూలు విద్యార్థులు ఈదుకుంటారు, చిన్నపిల్లలకు ఈత పాఠాలూ నడుస్తాయి.

ఒకే కొలనులో ఇన్ని పనులా అంటే, వాళ్లకు గత్యంతరం లేదని నేనంటాను. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, కేవలం 2 మీటర్ల లోతు వేసుకున్నా ఒలింపిక్ కొలనులో 25 లక్షల లీటర్ల నీళ్లు ఉంటాయి. ఒక్కడు ఈదినా, వందమంది ఈదినా ఆ నీళ్లను రాత్రీ పగలూ ఫిల్టర్ చేయాల్సిందే, క్లోరిన్ వేయాల్సిందే, కరెంటు బిల్లు కట్టాల్సిందే. పతకాల కోసమే ఉంచిన కొలను ఏడాదిలో నాలుగు రోజులు మెరిసి మిగతా రోజులు ఖర్చు రాస్తుంది. పొట్టి పిల్లలు గట్టు పట్టుకుని కాళ్లు తపతపలాడిస్తేనే దానికి అర్థం. అలాగని ఇబ్బందులు లేవని కాదు. పోటీదారులకు 25 నుంచి 28 డిగ్రీల నీళ్లు కావాలి, పసిపిల్లలు ఆ నీళ్లలో వణికిపోతారు. సాయంత్రం లేన్లు ఎవరికివ్వాలన్న తగువు ఏ కొలను దగ్గరైనా ఉండేదే.

ఇక మన సంగతి. ఈ ఏడాది స్విమ్మింగ్ అనుమతి పత్రాలు పంపితే, పైతరగతుల నుంచి సగానికి పైగా "వద్దు" అని తిరిగొచ్చాయి. కారణాలు అన్నీ చదివాను. జలుబు చేస్తుంది, నల్లబడుతుంది, జుట్టు ఊడిపోతుంది, చదువు పోతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుందండీ, నీళ్ల వల్ల కాదు. నల్లబడటం నిజమే, నెలలో పోతుంది. క్లోరిన్‌కు జుట్టు పొడిబారుతుంది. ముందు మంచినీళ్లతో తడిపి, టోపీ పెట్టుకుని, బయటికొచ్చాక కడుక్కుంటే చాలు. అమ్మాయిల విషయంలో ఎవరూ కాగితం మీద రాయని కారణం ఒకటుంది. అది నాకు అర్థమవుతుంది. అందుకే వాళ్లకు విడిగా పీరియడ్, మహిళా కోచ్, ఒళ్లంతా కప్పే స్విమ్ సూట్ పెట్టాం. అయినా ఏడో తరగతి దాటాక వాళ్లు కనిపించరు. నీళ్లకు మాత్రం ఆడామగా తేడా తెలియదు.

నాకు ఈత నేర్పింది మా తాతయ్య, మా చేను బావిలో. నడుముకు మునగ బెండ్లు కట్టి తోసేశాడు. రోజుకో బెండు తగ్గిస్తూ వచ్చాడు, వారానికి ఏమీ లేకుండా ఈదాను. మా ఊళ్లో ఆడపిల్లలూ అలాగే నేర్చుకున్నారు. ఆ బావులు ఎండిపోయాయి, లేదా పూడిపోయాయి. మన పిల్లలకు ఊరి బావీ లేదు, అపార్ట్‌మెంట్ కొలను ఉన్నా మోకాలి లోతు దాటి వెళ్లనివ్వం. కానీ విహారయాత్రలకు పంపుతాం. వాగులు, జలపాతాలు, సముద్రం, అన్ని చోట్లా సెల్ఫీలు.

2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైనున్న లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లవి. నిజం చెప్పాలంటే అంత ఉద్ధృతిలో గజ ఈతగాడైనా నిలవడం కష్టం. ఈత వచ్చి ఉంటే బతికేవారని నేను చెప్పను, అది ఆ తల్లిదండ్రులకు అన్యాయం. నేను చెప్పేది వేరు. నీళ్ల దగ్గర పెరిగినవాడికి, నీళ్లలో శిక్షణ పొందినవాడికి నీళ్లంటే ఒక భయం, ఒక లెక్క ఉంటాయి. ఎక్కడ దిగకూడదో, మట్టం పెరుగుతుంటే ఎటు పరుగెత్తాలో, మునుగుతున్న స్నేహితుడి కోసం తానూ దూకకుండా ఏం విసరాలో మేం క్లాసులో నేర్పేది అదే. మన దేశంలో 2022లో నీళ్లలో మునిగి చనిపోయినవారు 38 వేలకు పైనే.

నాకింకో కోరిక కూడా ఉంది, ఇది మేనేజ్‌మెంట్ వారికి కూడా విన్నపం. మన కొలను ఆదివారాలు, వేసవి సెలవుల్లో ఖాళీగా ఉంటోంది. కోచ్, లైఫ్‌గార్డ్ ఉండేలా చూసి ఆ వేళల్లో తల్లిదండ్రులకు తెరిస్తే బాగుంటుంది. మన బస్సు డ్రైవర్లు, ఆయాల పిల్లలకు ఫీజు లేకుండా ఒక బ్యాచ్ నడపవచ్చు. ఒలింపిక్స్ జరిగిన కొలనులోనే పసిపిల్లలకు పాఠాలు చెబుతుంటే, మన 25 మీటర్ల కొలనుకు పరువు తక్కువేమీ కాదు. మీకు వయసు మీరిందనుకుంటే గోలి శ్యామల గారిని గుర్తు చేసుకోండి. పెద్దయ్యాక ఈత నేర్చుకున్న ఆమె 2025 జనవరిలో, 52 ఏళ్ల వయసులో, విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది ఒడ్డు చేరారు.

ఆ తండ్రిగారికి నేనిచ్చిన జవాబు: అబ్బాయి లోతు నీళ్లలో వెల్లకిలా ఐదు నిమిషాలు తేలి, ఆగకుండా 100 మీటర్లు ఈదగలిగిన రోజు శనివారం మ్యాథ్స్ క్లాసుకు నేనే పంపిస్తాను. ఆయన ఒప్పుకున్నారు. ప్రస్తుతం అబ్బాయి 15 మీటర్ల దగ్గర ఉన్నాడు, నీళ్లు మింగుతున్నాడు, నవ్వుతున్నాడు. మీ ఇంట్లో ఉండిపోయిన అనుమతి పత్రం మీద సంతకం చేసి పంపితే వచ్చే శనివారం నుంచే చేర్చుకుంటాం. టవల్, టోపీ, గాగుల్స్ మర్చిపోవద్దు.

– ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగం