అద్దంలో హీరోయిన్ ఎవరు?

కృష్ణపట్నం నుంచి ఓ పాఠకురాలి ఉత్తరం. జాకెట్లు కుడుతుందట. ముందుగదిలోనే బొటిక్ పెట్టాలని కోరిక. "సినిమాల్లో చూపిస్తారే అన్నయ్యా, గాజు తలుపులు, రంగురంగుల లైట్లు... అలా చేయించనా?" అని అడిగింది. అందుకోసం మెళ్లో గొలుసు కుదువ పెట్టడానిక్కూడా సిద్ధమేనట!

ఆగు చెల్లాయ్! గొలుసు మెళ్లోనే ఉండనీ.

2003లో వచ్చిన 'ఒక్కడు' చూశావుగా? అందులోని చార్మినార్ కళాదర్శకుడు అశోక్ వేసిన సెట్టు. చూసినవాళ్లు అసలుదే అనుకున్నారు. కానీ సెట్టు కట్టేది కెమెరా కోసం. కెమెరా చూడని వైపు చెక్కలూ బొంగులే! నీ కొట్టుకు వచ్చే మనిషి మాత్రం నాలుగు వైపులా చూస్తుంది.

ప్యారిస్‌లో కోకో షానెల్ అనే ఆవిడ ఉండేది. రూ కాంబోన్ వీధి 31వ నంబరు ఇంట్లో మెట్ల గోడకంతా అద్దాలు బిగించింది. పై మెట్ల మీద కూర్చుని, తను ఎవరికీ కనబడకుండా, కింద ఆడవాళ్ల ముఖాలు గమనించేదట. చూశావా, ఆవిడ దృష్టంతా వచ్చినవాళ్ల మీదే!

నువ్వూ అక్కణ్ణుంచే మొదలుపెట్టు. పాటూరు చీరైనా వెంకటగిరి చీరైనా, మన ఆడవాళ్లు గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో చూస్తేగాని బేరమాడరు. రంగు లైట్ల కింద మెరూన్ ఏదో, వంగపండు ఏదో తెలియదు మరి! అందుకని ముందు మంచి కిటికీ పెట్టించు. ఉత్తరం వైపైతే మరీ మేలు, ఎండ నేరుగా పడి బట్ట వెలిసిపోదు.

అద్దానికి బోలెడు డబ్బు పోయకు. మనిషి ఎత్తులో సగం అద్దమున్నా నిలువెల్లా కనబడుతుంది. పొట్టీ పొడుగూ అందరికీ సరిపోవాలంటే నాలుగడుగులది కొని, నేలకు రెండడుగుల ఎత్తున తగిలించు. దీపం నెత్తిన వద్దు, కళ్ల కింద నీడలు పడతాయి. అద్దానికి అటొకటి, ఇటొకటి పెట్టు. ఏ ఛాయాగ్రాహకుణ్ణి అడిగినా ఇదే చెబుతాడు.

బట్టలు మార్చుకునే గదికి లోపల గట్టి గడియ, గోడకు రెండు కొక్కేలు, ఓ స్టూలు ఉండాలి. ఇందులో మాత్రం పిసినారితనం పనికిరాదు సుమా! మీది సముద్రపు గాలి. ఇనుప కడ్డీలు తుప్పుపట్టి బట్టలకు మరకలంటుతాయి. కర్రవే వాడు. జరీ చీరలు తేమ తగలకుండా బీరువాలో దాచు.

ఆఖరి మాట. పోర్టులో ఉద్యోగం చేసే అమ్మాయి గాజు తలుపు తోసుకుని వస్తుంది. చేపల గంప దించి వచ్చిన అక్క? ఓసారి తలుపు కేసి, ఓసారి తన కాళ్ల కేసి చూసుకుని వెనక్కి తిరిగిపోతే, ఆ కొట్టు ఎంత అందంగా ఉండి ఏం లాభం? తలుపు తీసే ఉంచు. ఓ చాప పరిచి ఉంచు. ఆవిడ కూర్చుని, చీర భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని ముసిముసిగా నవ్విందనుకో... నీ సినిమా నూరు రోజులు ఆడినట్టే!

ఏమంటావు చెల్లాయ్?