కొత్త కారుకు స్టార్లు సరే, పాత కారు తుప్పు మాటేమిటి?

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ అధికారులకు,

2023 అక్టోబరు 1న, కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలైనప్పటి నుంచి షోరూముల్లో మైలేజీతో పాటు ఇంకో ప్రశ్న వినిపిస్తోంది, ఈ కారుకు స్టార్లెన్ని అని. ఆ మార్పు తెచ్చిన పేరు మీకే దక్కాలి. అయితే ఆ స్టార్లన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బండికి ఇచ్చేవి. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందునుంచి, 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి గుద్దించి చూస్తారు. ఎక్కువ స్టార్లు కోరే కార్లను 29 కిలోమీటర్ల వేగంతో పక్కవాటుగా స్తంభానికి కొట్టిస్తారు. ఈ మూడో పరీక్షలో లోపలి మనుషులను కాపాడే భాగాల్లో ముఖ్యమైనది, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు ఉక్కు దూలం. గ్యారేజీల్లో దాన్ని రన్నింగ్ బోర్డు అంటారు. బండి పాతబడేకొద్దీ తుప్పు ముందుగా చేరే చోట్లలో అదొకటి. కొత్తలో దాని బలాన్ని కొలిచి జనానికి చెబుతున్న మీరు, ఆ బలం ఎన్నేళ్లు నిలుస్తుందో కంపెనీల చేత చెప్పించాలన్నదే ఈ లేఖలోని విన్నపం.

తుప్పంటే అందానికి సంబంధించిన గొడవ అని చాలామంది అనుకుంటారు. కింది భాగాల్లో అది పట్టే తీరు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. కారు పైరేకు మందం ఇంచుమించు 0.7 మిల్లీమీటర్లు. దాని మీద రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదోవంతు చిల్లర. అందులో అట్టడుగున, బాడీని విద్యుత్ స్నానంలో ముంచి పట్టించే ప్రైమర్ పొర సుమారు 20 మైక్రాన్లే. తుప్పును ఆపే భారం చాలావరకు దానిదే. ముందు చక్రాలు ఎగజిమ్మే కంకర రన్నింగ్ బోర్డు మీద, వీల్ ఆర్చ్ అంచు మీద పడి నువ్వుగింజంత రంగు లేపేస్తుంది. ఆ గాటులోంచి దిగిన తడి రంగు కింద పక్కలకు పాకి, కొన్నాళ్లకు పైకి పొక్కులా కనిపిస్తుంది. ఇది కంటికి కనిపించే తుప్పు. కనిపించనిది దీనికంటే చెడ్డది. తలుపు అడుగు అంచు దగ్గర వంగి చూస్తే బయటి రేకును లోపలి రేకు మీదికి మడిచిన కుట్టు, దాని పక్కన చిటికెన వేలి గోరంత రంధ్రాలు రెండు మూడు ఉంటాయి. అద్దం సందులోంచి దిగిన వాన నీరు పోవాల్సిన దారులవి. దుమ్ము, ఆకుల పొడి, బురద చేరి అవి పూడుకుపోతే నీళ్లు తలుపులోనే నిలుస్తాయి. మడత సందులోకి ప్రైమరు సరిగా దిగకపోతే రేకును లోపలినుంచి తినడం మొదలవుతుంది. రన్నింగ్ బోర్డు లోపలా జరిగేది ఇదే. పంక్చరయి జాకీ పెట్టినప్పుడు అంచు నలిగిపోతే తప్ప చాలామందికి సంగతి తెలియదు.

మన దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లరు కదా, ఇది విదేశాల బాధ అనే వాదన ఒకటి ఉంది. అందులో సగమే నిజం. మనం చల్లకపోయినా సముద్రపు గాలి చల్లుతూనే ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే రేకు మీది ఉప్పు పొడిగా ఉండలేదు, గాలిలోని తేమనే లాక్కుని నీరవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో సంవత్సరంలో చాలా రాత్రులు అంత తేమ ఉంటుంది. అంటే వాన పడకపోయినా ఆరుబయట నిలిపిన కారు అడుగు తడిసే ఉంటుంది. పైగా వేడి పెరిగేకొద్దీ ఈ రసాయన చర్య జోరు పెరుగుతుంది. మంచు దేశాలకు చలివల్ల దొరికే కాస్త వెసులుబాటు కూడా మనకు లేదు. తీరానికి దూరంగా ఉన్నవాళ్లకు వరదలున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీల్లో మునిగిన కార్లకు ఇంజన్లు, సీట్లు, వైరింగు బాగుచేయించుకున్నారు. రన్నింగ్ బోర్డుల బోలులోకి దిగిన ఒండ్రును కడిగించాలన్న ఆలోచన ఎంతమందికి వచ్చి ఉంటుంది?

ఇక వారంటీ. తుప్పుకు వారంటీ ఉందని షోరూములో చెప్పినప్పుడు కొనేవాడు వినేది ఒకటి, కాగితం మీద ఉండేది ఇంకొకటి. మామూలుగా ఇలాంటి వారంటీ వర్తించేది లోపలినుంచి తిని రేకుకు చిల్లు పడినప్పుడే. పైపై తుప్పుకు, పొక్కుకు వర్తించదు, లేదా చాలా తక్కువ కాలమే వర్తిస్తుంది. రాయి తగిలి రంగు పోతే బయటి కారణం కింద కొట్టేస్తారు, ఉప్పుగాలి వల్లనైతే వాతావరణం కింద కొట్టేస్తారు. చక్రం వెనక నిత్యం రాళ్లు తినే చోట రేకు పెట్టింది కంపెనీయే. రాళ్లు తగలడం అక్కడ ప్రమాదం ఎలా అవుతుంది? ఆ భాగం బతుకే అది. అది తెలుసు గనకే కొన్ని కార్లకు అక్కడ రాయి దెబ్బ తట్టుకునే మందపాటి పూత వేస్తారు, ప్లాస్టిక్ క్లాడింగ్ బిగిస్తారు. బిగించిన క్లాడింగ్ వెనక బురద పేరుకుంటే అదో కొత్త తంటా. ఇక చిల్లు పడేదాకా ఆగమనడమంటే, ఆ దూలం బలం చాలావరకు పోయాక రమ్మనడమే.

తప్పంతా యజమానులదే, కడుక్కోరు, పట్టించుకోరు అని కంపెనీలు అనవచ్చు. కొంత ఒప్పుకోవాల్సిందే. పైన మెరిస్తే చాలనుకుని అడుగు కడిగించని వాళ్లు మనలో ఎక్కువ. సైడ్ స్టెప్పులు, మడ్‌ఫ్లాపులు బిగించడానికి యాక్సెసరీల దుకాణంలో డ్రిల్లుతో రేకుకు బెజ్జాలు వేయిస్తారు. పచ్చి ఉక్కు బయటపడ్డ ఆ బెజ్జానికి చుక్క ప్రైమరు కూడా పూయరు. పాత ఇంజన్ ఆయిలు అడుగున కొట్టించేవాళ్లూ ఉన్నారు. దాంతో దుమ్ము అతుక్కుంటుంది, రబ్బరు బుష్‌లు పాడవుతాయి. ఇవన్నీ నిజమే. కానీ తలుపు కింద రంధ్రాలు ఎక్కడున్నాయో, వాటిని ఎప్పుడెప్పుడు శుభ్రం చేయాలో స్పష్టంగా చెప్పకుండా, యాంటీ రస్ట్ కోటింగును మాత్రం డెలివరీ రోజు బిల్లులో కలిపే అమ్మకందారులకు యజమానిని నిందించే హక్కు ఎంత ఉంది? బాడీకి ఫ్యాక్టరీలో వేసిన రక్షణే చాలితే ఆ కోటింగు ఎందుకు? చాలకపోతే ఆ మాట ముందే చెప్పాలి గదా.

ఖర్చు పెరుగుతుందన్నది గట్టి అభ్యంతరమే, చిన్న కార్ల విషయంలో మరీ. ఉక్కు రేకుకు జింకు పూత ఉంటే గీత పడినా ముందు జింకు కరిగి ఉక్కును కాపాడుతుంది. చదరపు మీటరుకు ఒక్కోవైపు 50 గ్రాముల చొప్పున వేసినా రెండువైపులా కలిపి 100 గ్రాములు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1970ల్లోనే పోర్షే, 1986లో ఆడి 80 కారుతో ఆడి, జింకు పూసిన బాడీలతో కార్లు తెచ్చాయి. ఇప్పుడు యూరప్‌లో చిల్లు పడదని 12 ఏళ్ల హామీ చాలా కంపెనీలకు మామూలు. పెనుకొండ, చెన్నై, పుణె ఫ్యాక్టరీల నుంచి కార్లు విదేశాలకూ వెళ్తున్నాయి. అక్కడికి వెళ్లేదానికీ ఇక్కడ అమ్మేదానికీ పూతలో తేడా ఉందని నేననడం లేదు. తేడా లేదని తెలుసుకునే మార్గం కొనేవాడికి లేదంటున్నాను. అందుకే అన్ని కార్లకూ జింకు పూయించమని అడగడం లేదు. ఎక్కడ పూశారో, ఎక్కడ పూయలేదో రాసి పెట్టమంటున్నాను. చెప్పడానికి అయ్యే ఖర్చు కాగితం ఖర్చే. తక్కువ ధరకు తక్కువ రక్షణ చాలనుకునేవాడు తెలిసే కొనుక్కుంటాడు.

ఐదారేళ్లకు కారు మార్చేస్తున్నారు, పదేళ్ల తుప్పు గురించి ఎవరికి పట్టింది అంటారా? మార్చిన కారు మాయమైపోదు. మన దేశంలో ఏటా చేతులు మారే పాత కార్ల సంఖ్య కొత్త కార్ల అమ్మకాలను మించింది. మొదటి యజమాని వదిలించుకున్న తుప్పును అంతకంటే తక్కువ జీతగాడు కొంటాడు. అమ్మే ముందు టింకరింగ్ షెడ్డులో పొక్కు గీకి, చిల్లు మీద పుట్టీ పెట్టి రంగు కొడతారు. అయస్కాంతం పెట్టి చూసే జాగ్రత్త ఎందరికి తెలుసు? సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది గనక ఆ లోపు ఏ అధికారీ దాని అడుగు చూడనక్కర్లేదు. ఇంగ్లండులో మూడేళ్లు నిండిన కారును ఏటా పరీక్షిస్తారు. సస్పెన్షను, సీటు బెల్టు బిగించిన చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలహీనపడితే ఫెయిలే. అంత తరచు తనిఖీ మన జనం మీద పెట్టమని అడగను, దాని బాధలు దానికుంటాయి. అమ్మేటప్పుడే నిజం చెప్పించడం తేలిక.

భారత్ ఎన్‌క్యాప్‌కు ఆధారమైన ఏఐఎస్-197 ప్రమాణం కింద పరీక్షించిన కార్లకు క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఎలాగూ ఇస్తున్నారు. దాని వెనక ఇంకో పేజీ చేర్చండి: తలుపులు, రన్నింగ్ బోర్డులు, వీల్ ఆర్చ్‌లు, ఫ్లోరులో వేటికి రెండువైపులా జింకు పూత ఉందో, ఉప్పునీరు, తేమ, ఆరబెట్టడం మార్చిమార్చి చేసే తుప్పు పరీక్షలో బాడీ ఎంతకాలం నిలిచిందో, చిల్లుకూ పొక్కుకూ విడివిడిగా ఎన్నేళ్ల హామీ ఉందో, తీర జిల్లాలకు ఆ హామీలో మినహాయింపు ఉందో లేదో. ఎడతెగకుండా ఉప్పునీరు చల్లే పాత పరీక్ష అంకెలు మాత్రం చాలవు, రోడ్డు మీది తుప్పుతో వాటికి పొంతన తక్కువ. ఎన్‌క్యాప్ స్వచ్ఛందం గనక అందులో చేరని కార్లకు ఈ వివరాలు అమ్మకపు కాగితాల్లో ఉండేలా మోటారు వాహనాల నియమాల్లో మార్పు కావాలి. ముసాయిదా రాసే సాంకేతిక కమిటీలో కంపెనీల ఇంజనీర్లతో పాటు తీర జిల్లాల ఆర్టీవో కార్యాలయాల నుంచి, టింకరింగ్ షెడ్ల నుంచి కూడా ఒకరిద్దరిని కూర్చోబెట్టండి. ఏ మోడలు ఏ మూల ముందు పొక్కుతుందో వాళ్లు నోటిలెక్కగా చెప్పగలరు.

ఇట్లు,
తీరాంధ్ర నుంచి ఒక పౌరుడు