కూలిన చోట ఏం వెతుకుతారు?

2002 మార్చి 3 ఆదివారం. ఆ ఉదయం భీమవరంలో బయల్దేరిన ఓ చిన్న హెలికాప్టర్ హైదరాబాద్ చేరాలి. చేరలేదు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలిపోయింది. అందులో ఉన్నది లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి. ఆయనతోపాటు పైలట్, మరొకరు చనిపోయారు.

అల్లవరం, ముమ్మిడివరం, రాజోలు... ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘మన ఎదుర్లంక బాలయోగి ఇక లేరట!’ ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయన. వయసు యాభై ఏళ్లే. గోదావరి మీద యానాం-ఎదుర్లంక వంతెనకు తర్వాత ఆయన పేరే పెట్టారు. పంటు ఎక్కి గౌతమి దాటిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ పేరు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఉదయం పొగమంచు. కొల్లేరు చుట్టూ ఎటు చూసినా చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. మంచులో నీళ్లేవో నేలేదో పైనుంచి పోల్చుకోవడం కష్టం. పోల్చుకున్నా, అలల్లేని నీటి మీద ఎంత ఎత్తులో ఉన్నదీ కన్ను సరిగ్గా చెప్పలేదు. అనుభవం ఉన్న పైలట్లనూ మోసం చేసే సంగతి ఇది.

మరి ప్రమాదం ఎలా జరిగిందో ఎలా తెలుస్తుంది? ‘బ్లాక్ బాక్స్ ఉంటుందిగా’ అంటాం. బెల్ 206 లాంటి చిన్న హెలికాప్టర్లలో సాధారణంగా అది ఉండదు. అప్పుడిక శకలాలే సాక్షులు. రెక్కలు విరిగిన తీరు చూస్తే, పడే సమయానికి ఇంజిన్ పనిచేస్తోందో లేదో ఓ అంచనా దొరుకుతుంది. హెచ్చరిక దీపాల్లోని సన్నటి తీగనూ భూతద్దంతో చూస్తారు. వెలుగుతున్న దీపం తీగ వేడిగా ఉంటుంది కాబట్టి దెబ్బకు సాగిపోతుంది. ఆరిపోయిన దీపం తీగ పుటుక్కున తెగుతుంది. ఇంధనం నమూనాలు, వాతావరణ శాఖ రికార్డులు, గట్టు మీద నిలబడి చూసిన రైతు మాట... అన్నీ కలిపి కథ అల్లుకుంటూ వెనక్కి వెళ్తారు.

2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురిని బలిగొన్న బెల్ 430లో మాత్రం మాటలు రికార్డు చేసే పరికరం ఉంది. త్యాగి కమిటీ దాన్ని విన్నది. గేర్ బాక్స్ ఆయిల్‌కు సంబంధించిన హెచ్చరిక రావడంతో పైలట్లు పుస్తకంలో పరిష్కారం వెతుకుతూ కొన్ని నిమిషాలు గడిపారనీ, ఆలోపే హెలికాప్టర్ తుపాను మేఘాల్లోకి వెళ్లిపోయిందనీ తేల్చింది. చిన్న లోపం కంటే దాని మీద పోయిన ధ్యాసే పెద్ద ప్రమాదమైంది!

అప్పట్లో ఈ దర్యాప్తుల బాధ్యత డీజీసీఏదే. విమానాలకు అనుమతులిచ్చే శాఖే తప్పొప్పులూ తేలిస్తే ఎలా అన్న ప్రశ్న సహజం. 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థను వేరే ఏర్పాటు చేశారు. ఇలాంటి దర్యాప్తు ఉద్దేశం ఎవరినో శిక్షించడం కాదు, మళ్లీ జరక్కుండా చూడటం. అంతర్జాతీయ నిబంధన అలాగే చెబుతుంది. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇంటికి ఆ తేడా రుచించదు, అది వేరే సంగతి.

పొలాలకు మందు కొట్టే హెలికాప్టర్ల కథ ఇంకా కష్టం. ఇవి పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. వాటి మొదటి శత్రువు కరెంటు తీగ. పైనుంచి స్తంభం కనిపిస్తుంది గానీ తీగ కనిపించదు. అందుకే ఆరితేరిన పైలట్లు ముందు పొలం చుట్టూ ఓ చుట్టు తిరిగి, స్తంభాలు లెక్కపెట్టుకుని గానీ పనిలోకి దిగరు. అడుగడుక్కీ కొబ్బరిచెట్టు, పంట కాలువ, కరెంటు లైను ఉండే కోనసీమలో అలాంటి యంత్రం తిప్పడం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

ఇప్పుడా పనికి డ్రోన్లు వచ్చేశాయి. వాటికీ 2021 నుంచి కొత్త నిబంధనలున్నాయి. కొబ్బరిమట్టకు తగిలి డ్రోన్ పడితే పోయేది రెక్కలు, బ్యాటరీ. నడిపే కుర్రాడు గట్టు మీదే నిలబడి ఉంటాడు.