భవితకు పంపాం కదా!

"వాడిని భవితకు పంపుతున్నాం కదా మేడమ్, ఇంకేం చేయమంటారు?" సూర్యాపేటలో ఈ మాట విన్నాను, కోదాడలో విన్నాను, మిర్యాలగూడలోనైతే స్టాఫ్‌రూముకొకరు అన్నారు. అన్నవాళ్లు చెడ్డ టీచర్లేం కారు. గది నిండా పిల్లలు, వెంటాడే సిలబస్, పైగా యాప్‌లో ఫొటోల గోల. ఒక్కడి బాధ్యత ఇంకెవరో చూస్తున్నారంటే హమ్మయ్య అనుకుంటారు. నా పేచీ అక్కడే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు చేసేది చిన్న పని కాదు. ఫిజియోథెరపీ చేయిస్తారు, మాట రాని పిల్లలతో మాట్లాడిస్తారు, బడికి రాలేని వాళ్ల ఇళ్లకు వెళ్లి చెబుతారు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఉండాల్సిందే. అయినా పిల్లవాడి పేరున్నది మన హాజరుపట్టీలో.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులూ అందులో చేరాయి. ఇవి చూడగానే కనిపించేవి కావు. మిర్యాలగూడ దగ్గర ఒక బడిలో ఐదో తరగతి అమ్మాయి నోటుబుక్కు తిరగేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీకీ ఎర్ర సిరా టిక్కు, కింద 'గుడ్'. "ఈ లైను చదువమ్మా" అంటే తల దించుకుంది. బోర్డు మీదున్నదాన్ని బొమ్మ గీసినట్టు దించేస్తోందన్నమాట. అదే ప్రశ్న నేను చదివి వినిపిస్తే టకటకా జవాబు చెప్పింది. అడగకపోయినా, సాగర్ కాలువకు నీళ్లొస్తే వాళ్లింట్లో నాట్లెప్పుడు పడతాయో కూడా చెప్పింది.

ఆ పిల్లకు రేపటి నుంచే చేయగలిగినవి ఉన్నాయి. పరీక్ష నోటితో పెట్టొచ్చు. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించొచ్చు. అందరి ముందూ నిలబెట్టి చదవమనడం మానేయొచ్చు. సర్టిఫికెట్ వద్దనడం లేదు. అది ఉంటే పదో తరగతి పరీక్షలో స్క్రైబు, అదనపు సమయం దొరుకుతాయి. కానీ చాలా ఇళ్లకు ఆ సంగతి నామినల్ రోల్స్ పంపే వేళకు గానీ తెలియదు. మూడో తరగతిలోనే తల్లిదండ్రులకు చెప్పాల్సింది మనం.

తండా పిల్లలవి ఇంకో రకం తిప్పలు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. నోరు విప్పడం లేదని వాళ్ల పేర్లనూ భవిత జాబితాకు ఎక్కించబోయిన వాళ్లున్నారు!

స్కూల్ కాంప్లెక్స్ సమావేశం పెడితే పూటంతా ఫారాలతోనే సరిపోతోంది. అందులో ఒక గంట భవిత టీచరుకు ఇవ్వండి. తర్వాత ఒకరోజు మన తరగతికే రమ్మని, మన పాఠం మధ్యలోనే అలాంటి పిల్లలతో ఎలా పనిచేయాలో చూపించమనండి. ప్రయాణ ఖర్చులకు నిధుల్లేవంటారేమో. ఆవిడ రోజూ మనమెక్కే బస్సులోనే వస్తోంది.