టక్‌మని ఊరుకుంది

కారు కదలనంటే మనకు మొదట అనుమానం వచ్చేది బ్యాటరీ మీద. ఇంట్లో వస్తువు కనబడకపోతే పనిమనిషి మీద వచ్చినట్టే. రెండు చోట్లా ఎక్కువసార్లు పొరపాటు మనదే.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి గుడివాడ నుంచి ఫోను వచ్చింది. అక్కయ్యకు రాత్రి నుంచి ఆయాసంగా వుందట, నన్నే తలుచుకుంటోందట. మా ఆవిడా నేనూ గబగబా కారెక్కాం. తాళం తిప్పాను. 'టక్' మంది. అంతే! మళ్లీ తిప్పాను. మళ్లీ 'టక్'. దీపాలు చూస్తే బాగానే వెలుగుతున్నాయి. హారన్ కొడితే వీధి వీధంతా లేచింది.

"బ్యాటరీ పోయింది. తొమ్మిదింటికి కొట్టు తీస్తారు, కొత్తది కొందాం" అన్నాను.

"తొమ్మిదింటిదాకా వదినగారు..." అంటూ మా ఆవిడ మాట మింగేసింది.

హారన్‌కు లేచినవారిలో ఎదురింటి పెద్దాయన ఒకరు. ముప్ఫై ఏళ్లు లారీ నడిపినవారు. టార్చిలైటుతో వచ్చి, "బానెట్ ఎత్తండి బాబూ" అన్నారు. చూద్దును గదా, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా బూజులాంటి తుప్పు! తీగ బిగింపు పట్టుకు కదిపితే వదులు పన్నులా వూగింది.

"మరి దీపాలెలా వెలిగాయండీ?"

"దీపాలకు గుక్కెడు చాలు బాబూ. స్టార్టరుకు బిందెలు కావాలి. గొట్టానికి మట్టి అడ్డుపడితే గుక్కెడు వస్తుంది గాని బిందె నిండుతుందా?"

తరువాత లెక్క వేసి చూశాను. ముందు దీపాలు రెండూ తీసుకునేది సుమారు 10 ఆంపియర్లు. స్టార్టరుకు 150 దాకా కావాలి. ఆ తుప్పు అడ్డు 0.04 ఓమ్ అనుకోండి. దీపాలకు తగ్గేది 0.4 వోల్టు, కంటికి ఆనదు. స్టార్టరు 150 లాగబోతే 6 వోల్టులు, అంటే వున్న పన్నెండులో సగం, దారిలోనే హరీమంటాయి!

ఆయన చేసింది గుర్తుంచుకోండి. ముందు నెగటివ్ తీగ, తరువాత పాజిటివ్ వూడదీశారు. వరస తప్పి పానా కారు వంటికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ దగ్గర మండే వాయువు వుంటుంది. చుట్టా బీడీ దూరం సుమా! వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి, బ్యాటరీ లోపలికి పోకుండా పోస్తే, తుప్పు బుసబుస పొంగి కరిగింది. చేతులకూ కళ్లకూ తగలనివ్వలేదు. తుడిచి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించారు. పైన కాస్త వాసెలిన్ పూశారు.

తాళం తిప్పాను. ఒక్క ఉదుటున లేచింది. ఖర్చు రెండు చెంచాల వంటసోడా.

తెల్లవారేసరికి గుడివాడ చేరాం. అక్కయ్య ఆయాసం నెమ్మదించి, దిండుకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "రెండేళ్లకు దారి తెలిసిందట్రా?" అంది.

నేనేం చెప్పను?

నెలకోసారి బానెట్ ఎత్తి చూసుకోండి. తుప్పు పట్టడానికి రెండేళ్లు అక్కర్లేదు.